గేర్లు జారుతున్న పాత బండి: ఇంజన్ విప్పించాలా, వదిలేయాలా?

ఘాట్ ఎక్కుతుండగా మూడో గేరు ఠక్కుమని జారి, ఇంజన్ ఒక్కసారిగా గొంతు చించుకుని అరిస్తే నడిపేవాడి గుండె కూడా జారుతుంది. వెనకాల ఇంట్లోవాళ్లుంటే మరీను. ఆ సాయంత్రమే బండి షెడ్డుకు పోతుంది. మెకానిక్ గేరు రాడ్డు రెండుసార్లు తొక్కి చూసి, "గేర్‌బాక్స్ పోనాది బాబూ, ఇంజన్ దించాల" అంటాడు. మనం సరేనంటాం. డబ్బు ఎక్కువగా పోయేది ఆ "సరే" దగ్గరే.

మాకు అలాగే పోయింది. నాన్న 2003లో కొన్న స్ప్లెండర్‌కు ఒకసారి గేరు రాడ్డు తొక్కితే కిందే ఉండిపోయేది, తిరిగి పైకి వచ్చేది కాదు. షెడ్డులో ఇంజన్ మొత్తం విప్పారు. ఎలాగూ విప్పాం కదా అని పిస్టన్ రింగులు మార్చారు, టైమింగ్ చైన్ మార్చారు. తీరా చూస్తే పాడైనది గేరు షాఫ్టుకుండే రిటర్న్ స్ప్రింగు ఒక్కటే. క్లచ్ వైపు మూత తీసి, క్లచ్ దించితే అందే వస్తువు. ఆ ఏడు ధాన్యం అమ్మిన డబ్బులో మంచి వాటా దానికే పోయింది. అప్పటి నుంచి మా బండికి గానీ, చుట్టాల బళ్లకు గానీ గేర్ల జబ్బు వస్తే నేను ఒక వరస ప్రకారం వెళ్తున్నాను. ఒడిశాలో రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వైపు ఉండే మనవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు జబ్బును మాటల్లో పెట్టండి

షెడ్డుకు వెళ్లకముందు ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోండి. ఏ గేరులో వస్తోంది? ఎత్తు ఎక్కేటప్పుడా, చదును రోడ్డు మీదా? బండి చల్లగా ఉన్నప్పుడా, పది కిలోమీటర్లు నడిచి వేడెక్కాకా? గేరు పడటం లేదా, పడి జారుతోందా, లేక చప్పుడొక్కటేనా?

ఈ నాలుగింటికి జవాబు దొరికితే సగం పని అయినట్టే. ఒకే గేరు, అదీ బరువు లాగేటప్పుడే జారుతుంటే లోపల ఆ గేరుకో, దాన్ని పక్కకు జరిపే ఫోర్కు అనే ఇనుప చీలికకో దెబ్బ తగిలి ఉండొచ్చు. అన్ని గేర్లూ అటూ ఇటూగా జారుతుంటే అనుమానం గేర్ల మీద కాదు, గేర్లు మార్చే సరంజామా మీద పెట్టాలి. బండి ఎప్పుడైనా పడితే గేరు రాడ్డు వంగి లెగ్‌గార్డుకో, ఫుట్‌రెస్టుకో తగులుతూ ఉంటుంది. అప్పుడు గేరు పూర్తిగా పడదు, సగం పడినది జారిపోతుంది. వంగి చూస్తే కనిపించే విషయం ఇది. ముందు అది చూడండి.

ఇంజన్ ఆపి చేసే పరీక్ష

దీనికి రూపాయి ఖర్చు లేదు, చెప్పేది మాత్రం చాలా ఉంది. బండిని సెంటర్ స్టాండు మీద పెట్టి ఇంజన్ ఆపేయండి. ఒక చేత్తో వెనక చక్రాన్ని మెల్లగా తిప్పుతూ రెండో చేత్తో గేరు రాడ్డు నొక్కుతూ ఒక్కో గేరూ వేయండి. చక్రం తిప్పకుండా వేస్తే గేర్లు సరిగా కూర్చోవు, తప్పుడు అనుమానం వస్తుంది.

ఇంజన్ ఆపినప్పుడు గేర్లన్నీ మెత్తగా పడి, ఇంజన్ నడుస్తున్నప్పుడే గట్టిగా పడుతున్నాయా? న్యూట్రల్ దొరకడం లేదా? అయితే చాలామటుకు మీ గేర్‌బాక్స్ బాగానే ఉంది. క్లచ్ పూర్తిగా విడవడం లేదు. క్లచ్ లీవర్ కొసన 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట, అంటే వైరు లాగడం మొదలయ్యేలోపు వదులుగా కదిలే దూరం, ఉండాలి. ఎక్కువుంటే క్లచ్ విడవదు, అసలు లేకపోతే క్లచ్ జారుతుంది. వైరు బిగించడం, అవసరమైతే వైరు మార్చడం, అంతటితో తేలిపోయే సందర్భాలు చాలా ఉంటాయి.

ఎత్తు మీద టాప్ గేరులో యాక్సిలరేటర్ తిప్పితే ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోతే, అది గేరు జారడం కాదు, క్లచ్ జారడం. వైరు ఆట సరిగా ఉన్నా అలాగే ఉంటే క్లచ్ ప్లేట్లు అరిగి ఉండొచ్చు. గేరు జారినప్పుడు ఠక్కుమనే చప్పుడో, కాలికి చిన్న తన్నో తెలుస్తుంది. క్లచ్ జారితే ఆ తన్ను ఉండదు, మోత మెల్లగా పెరుగుతుంది. ఈ తేడా ఒకసారి కాలికి అలవాటైతే మరిచిపోరు.

ఇంకోటి. న్యూట్రల్‌లో ఇంజన్ నడుస్తుండగా గరగర వస్తూ, క్లచ్ నొక్కగానే ఆగిపోతుంటే అది క్లచ్ హౌసింగో, గేర్‌బాక్స్ మెయిన్ షాఫ్టు బేరింగో అవుతుంది. నడుస్తున్నప్పుడు అన్ని గేర్లలోనూ ఒకే మోత వస్తుంటే చైను, అది తిరిగే పళ్ల చక్రాలు (స్పాకెట్లు) చూడకుండా ముందుకెళ్లకండి. చైను కింది వైపు మధ్యలో రెండు, మూడు సెంటీమీటర్ల ఊపు చాలు. ముందు స్పాకెట్ పళ్లు కొక్కేల్లా వంగి ఉంటే చైను పళ్లు దాటుతుంది. నడిపేవాడికి అది అచ్చం గేరు జారినట్టే ఉంటుంది. మా చుట్టాల్లో ఒకాయన జేకేపూర్ మిల్లు డ్యూటీకి వెళ్లే బండికి ఇదే జబ్బు. గేర్‌బాక్స్ అనుకుని నెల రోజులు దిగులు పడ్డాడు. చైన్ సెట్ మార్చి ఊపిరి పీల్చుకున్నాడు.

గేరు రాడ్డు షాఫ్టు మీద తిరుగుతోందేమో కూడా చూడండి. లోపలి పళ్లు అరిగితే కాలు తొక్కుతుంది గానీ షాఫ్టు తిరగదు. రాడ్డు మార్చుకోండి. షాఫ్టుకు వెల్డింగ్ పెట్టించొద్దు. రేపు ఆ షాఫ్టు తీయాల్సి వస్తే కోసి తీయాలి.

ఆయిల్ చెప్పే మాట వినండి

స్ప్లెండర్, ప్యాషన్, ప్లాటినా, షైన్ లాంటి ఫోర్ స్ట్రోక్ బళ్లలో ఇంజన్‌కు, క్లచ్‌కు, గేర్లకు ఒకటే ఆయిల్. కాబట్టి గేర్లు అరిగితే ఆ పొడి ఆయిల్‌లోనే ఉంటుంది. పాత ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బండైతే గేర్ల ఆయిల్ వేరు, ఇంజన్‌కు పోసే టూటీ ఆయిల్ వేరు. చాలామంది టూటీ పోస్తూ గేరు ఆయిల్ సంగతి ఏళ్ల తరబడి మరిచిపోతారు.

బండి ఐదు నిమిషాలు నడిపి, ఆయిల్ గోరువెచ్చగా ఉండగా డ్రైన్ బోల్టు తీయండి. శుభ్రమైన పళ్లెంలోకి పట్టి, దాన్ని పాత తెల్ల పంచె గుడ్డలోంచి వడకట్టండి. గుడ్డను ఎండలోకి తీసుకొచ్చి వంచి చూడండి. నల్లటి మెత్తటి నలకలు, పొట్టు లాంటివి కనిపిస్తే అవి క్లచ్ ప్లేట్లవి. వేళ్ల మధ్య రుద్దితే వెండి రంగు కాటుకలా అంటుకునే సన్న పొడి పాత బండికి మామూలే. కానీ గోటికి గుచ్చుకునే ముక్కలున్నాయా? పాత స్పీకర్ అయస్కాంతం ఒకటి దగ్గర పెట్టండి. అంటుకుంటే అది ఇనుము, అంటే గేరుదో బేరింగుదో అయ్యే అవకాశం ఎక్కువ. అంటుకోకుండా మెరుస్తుంటే అల్యూమినియం, అది ఇంజన్ కేసు వైపో పిస్టన్ వైపో చూపిస్తుంది.

అయస్కాంతానికి బియ్యపు నూకంత ముక్కలు అంటుకుంటే ఆ బండిని ఇక ఎక్కకండి. ఆటోలోనో, ట్రాలీలోనో వేసి షెడ్డుకు తీసుకెళ్లండి. విరిగిన పంటి ముక్క రెండు గేర్ల మధ్య ఇరుక్కుంటే గేర్‌బాక్స్ బిగిసిపోయి వెనక చక్రం ఉన్నచోటే ఆగిపోతుంది. అప్పుడు క్లచ్ నొక్కినా చక్రం విడవకపోవచ్చు. కాశీపూర్ వైపు ఘాట్ దిగుతున్నప్పుడు అలా జరిగితే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు.

వానాకాలంలో వాగు దాటించిన బండి ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టు. అప్పుడు గేర్ల సంగతి పక్కన పెట్టి ఆయిల్ మార్చండి, కొంచెం నడిపి మళ్లీ మార్చండి. పోసే ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ (JASO MA) అని ఉండాలి. కారు ఆయిల్ చవకగా వచ్చిందని పోస్తే ఆయిల్లోనే మునిగి ఉండే క్లచ్ ప్లేట్లు జారడం మొదలవుతుంది. కొత్త ఆయిల్ పోశాక ఓ వంద కిలోమీటర్లు నడిపి జబ్బు తగ్గిందో లేదో చూశాకే తర్వాతి మెట్టు.

మూత వరకే విప్పమనండి

మెకానిక్‌తో సూటిగా ఇలా అనండి: "అన్నా, ముందు క్లచ్ వైపు మూత తీసి చూద్దాం. కేసు విప్పొద్దు. చూశాక నాకు ఫోన్ చెయ్యి, నేను వస్తా." ఈ ఒక్క మాట మీద గట్టిగా నిలబడండి.

హీరో హోండా వంద సీసీ బళ్లలో కుడివైపు మూత తీసి, క్లచ్ దించితే గేరు షాఫ్టు చేయి, రిటర్న్ స్ప్రింగు, గేరు డ్రమ్మును ఒక్కో గాట్లో ఆపే స్టాపరు కనిపిస్తాయి. స్ప్రింగు విరిగితే రాడ్డు తిరిగి రాదు. స్టాపరు స్ప్రింగు వదులైతే గేర్లు ఎక్కడా నిలవవు. ఇవి చిన్న వస్తువులు, ఇంజన్ ఫ్రేమ్ మీద ఉండగానే మారిపోతాయి. ముందు స్పాకెట్ వెనకనుంచి ఆయిల్ కారుతున్నా గాభరా పడకండి, ఆయిల్ సీలు పని అది.

ఇక్కడ ఏ తప్పూ కనిపించకపోతేనే అసలు గేర్‌బాక్స్ దాకా వెళ్లాలి. అక్కడికి దారి చిన్నది కాదు. హెడ్ తీయాలి, బోరు తీయాలి, మాగ్నెట్ తీయాలి, ఇంజన్ ఫ్రేమ్ నుంచి దించాలి, ఆపైన కేసును రెండు చెక్కలుగా విడదీయాలి. అందుకే గేరు సామాను ఖరీదు కన్నా ఈ విప్పి బిగించే పనే పెద్దది. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. దానికి గేర్‌బాక్స్ వేరే పెట్టెలో ఉంటుంది, ఇంజన్ ముట్టుకోకుండానే పని అవుతుంది. వాళ్లకు నా సలహా: వెనకాడకుండా చేయించుకోండి.

లోపల ఏం అరుగుతుందంటే

గేరు జారితే పళ్లు అరిగాయనుకుంటాం. నిజానికి ఈ బళ్లలో గేర్ల పళ్లు ఎప్పుడూ ఒకదానిలో ఒకటి ఇరుక్కునే తిరుగుతుంటాయి. మనం రాడ్డు తొక్కితే ఫోర్కు ఒక గేరును పక్కకు జరుపుతుంది, దాని పక్కనున్న మొగ్గలు పక్క గేరు గుంటల్లో దిగుతాయి. షెడ్డులో వాటిని డాగులంటారు. కొత్త డాగు అంచు కత్తిరించినట్టు చదరంగా ఉంటుంది. క్లచ్ సగం నొక్కి గేర్లు మార్చిన బండిలో అది వారం వాడిన స్నానం సబ్బు అంచులా గుండ్రంగా ఉంటుంది. ఆ గుండ్రటి అంచుల మీద బరువు పడగానే రెండు గేర్లూ ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. అదే జారడం.

కేసు విప్పించాక మీరు స్వయంగా వెళ్లి చూడాల్సింది దీన్నే. గేరును వెలుతురులో పట్టుకుని అంచు మీద గోరు పెట్టి లాగండి. గోరు ఆగితే అంచు ఉంది, జారిపోతే లేదు. ఫోర్కు కొసలు ఒకవైపు నీలంగా మాడినట్టు ఉన్నా, పలచబడినా అదీ మార్చాలి. గుండ్రబడిన డాగును లేత్ షాపులో మళ్లీ కోయిస్తామంటారు. నేనైతే ఒప్పుకోను. పై గట్టి పొర పోయాక లోపలి ఇనుము తొందరగా అరుగుతుంది.

ఇప్పుడు లెక్క

కేసు విప్పకముందే లెక్క వేయాలి. విప్పాక మీ చేతిలో బేరం ఉండదు, ఇంజన్ ముక్కలు ట్రేలో ఉంటాయి. మెకానిక్‌ను గేరు సెట్ ధర ఒక్కటే అడగొద్దు. గేర్ల జత, ఫోర్కు, బేరింగులు, ఆయిల్ సీళ్లు, ప్యాకింగులు, ఆయిల్, లేబర్, అన్నీ కలిపి కాగితం మీద రాయించుకోండి. దాని కింద ఇంకో గీత గీసి, "లోపల రింగులు, టైమింగ్ చైను, కనెక్టింగ్ రాడ్డు కూడా పోయుంటే ఎంత?" అని అడగండి. 80 వేల కిలోమీటర్లు తిరిగిన బండిలో అవి కూడా అలసి ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి రెండో అంకెనే నిజమైన అంకెగా పెట్టుకోండి.

దాన్ని బండి ఈరోజు ఉన్న ధరతో పోల్చండి. మీరనుకునే ధర కాదు, గేర్లు బాగుంటే మీ వీధిలో ఒకరు నగదు ఇచ్చి కొనే ధర. ఉదాహరణకు బండి 18,000 పలుకుతుందనుకుందాం. మొత్తం పని 6,000 లోపు అయితే నేను రెండో ఆలోచన లేకుండా చేయిస్తాను. 9,000 దాటితే చేయించను. మధ్యలో ఉంటే రోడ్డు, కాగితాలు చూస్తాను. ఇది నా కొలత. బండి తుప్పు పట్టక, ఫ్రేమ్ వంకర లేక, ఇంజన్ పొగ వదలకుండా ఉంటే కొంచెం ఎక్కువైనా పెట్టొచ్చు. సైలెన్సర్ నీలిపొగ వదులుతుంటే పెట్టొద్దు.

రోడ్డు ఎందుకంటే, ఊళ్లోనే సంతకూ బజారుకూ తిరిగే బండికీ రోజూ ఘాట్ ఎక్కే బండికీ తేడా ఉంది. చదును మీద మూడో గేరు అరుదుగా జారే బండిని జాగ్రత్తగా కొన్ని నెలలు నడపొచ్చు. బిసంకటక్, మునిగుడ అవతలి బడికి రోజూ వెళ్లే మాస్టారు అలా నడపకూడదు.

కాగితాలు మరవొద్దు

మన సరిహద్దులో ఇది పెద్ద విషయం. చాలామంది బళ్లు విజయనగరం, శ్రీకాకుళంలో కొన్నవి, ఏపీ 35, ఏపీ 30 నంబర్లతోనే ఇక్కడ తిరుగుతుంటాయి. వేరే రాష్ట్రం బండి 12 నెలలు దాటి ఇక్కడే ఉంటే పాత ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి ఇక్కడి నంబరు తీసుకోవాలి. అది చేయించకుండా ఉంటే, ఆ ఖర్చు కూడా బాగుచేత లెక్కలో కలపండి.

బైకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు చెల్లుతుంది, ఆ తర్వాత ఐదేసి ఏళ్లకు రెన్యువల్. ఓఆర్ 18 నంబరు పలక ఉందంటే అది 2012లో ఒడిశా నంబర్లు ఓఆర్ నుంచి ఓడీకి మారకముందు బండి, దాని గడువు ఎప్పుడో ఆర్సీ తీసి చూడండి. 2022 ఏప్రిల్ నుంచి రెన్యువల్ ఫీజు 300 నుంచి 1,000 రూపాయలైంది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన బైకులకు 2,000 చేశారు. ఆలస్యమైతే నెలకు 300 అదనం. రెండేళ్లు ఆలస్యమైన బండికి ఇదే ఒక గేరు పని అంత అవుతుంది. గడువు ఆరు నెలల్లో ముగుస్తుంటే, ముందు రెన్యువల్ అవుతుందో లేదో తేల్చుకుని తర్వాతే ఇంజన్ విప్పించండి.

"పాత ఇంజన్ ఒకటుంది, మొత్తం మార్చేద్దాం, చవక" అనేవాళ్లు దొరుకుతారు. ఆర్సీలో ఉన్న ఇంజన్ నంబరు, బండి మీద ఉన్న నంబరు ఒకటి కాకపోతే చెకింగ్‌లో ఇబ్బంది, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్‌తో ఇబ్బంది, ఆ ఇంజన్ దొంగ బండిదైతే పోలీసులతో ఇబ్బంది. బిల్లు చూపి ఆర్టీఓ దగ్గర నమోదు చేయించగలిగితేనే ఆ మాట వినండి. మీ ఇంజన్ కేసు ఉంచుకుని, లోపలికి అదే మోడల్ తుక్కు బండి గేర్లు వేయించుకోవడం వేరు సంగతి, నంబరు మారదు. అప్పుడైనా గేర్లు జతగానే తీసుకోండి. ఒకటి పాతది, ఒకటి కొత్తది వేస్తే మోత పోదు, అరుగుదలా తగ్గదు.

చేయించాలని తేల్చుకున్నాక

సామాను కోసం పార్వతీపురం, బొబ్బిలి వెళ్లాల్సి వస్తే పాత గేరును గుడ్డలో చుట్టి తీసుకెళ్లండి. పేరొకటే అయినా ఏడాదిని బట్టి పళ్ల లెక్క మారొచ్చు. కౌంటరు మీద రెండూ పక్కపక్కన పెట్టి పళ్లు లెక్కపెట్టాకే డబ్బివ్వండి. కేసు మూసే ముందు షెడ్డులో ఉండండి. షాఫ్టులు పెట్టి, చేత్తో తిప్పుతూ గేర్లన్నీ వేసి చూపించమనండి. అప్పుడు పడని గేరు మూత పెట్టాక పడదు.

వదిలేయాలని తేల్చుకుంటే, కొనేవాళ్లకు ఏ గేరు జారుతోందో చెప్పి అమ్మండి. వాళ్లూ ఇదే ఘాట్ ఎక్కుతారు. 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు చేసి, ఆర్సీ పేరు మారేదాకా వెంటపడండి. తుక్కుకు వేస్తే మాత్రం ఆర్సీ రద్దయ్యేదాకా వెంటపడండి.

చేయించుకున్నవాళ్లు మొదటి 300 కిలోమీటర్లు బరువు వేయకుండా, ప్రతి గేరుకూ క్లచ్ పూర్తిగా నొక్కి నడపండి. అప్పుడు ఆయిల్ తీసి, అదే తెల్ల గుడ్డలో మళ్లీ వడకట్టి, అయస్కాంతం పెట్టి చూడండి. సన్న పొడి మాత్రమే ఉంటే కొత్త ఆయిల్ పోసి ఘాట్ ఎక్కండి. ముక్కలుంటే గుడ్డ, తీసిన పాత గేర్లు, రాయించుకున్న కాగితం మూడూ పట్టుకుని అదే రోజు షెడ్డుకు వెళ్లండి.